నేత ఇంటి గర్భిణి కంచం: నూట యాభై ఏళ్ల కథ

మన సంఘాల సావనీర్లు తిరగేస్తే మగ్గాల లెక్కలుంటాయి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి వలస పోయామో ఆ కథలుంటాయి. సత్రాలు, గుడులు, హాస్టళ్లు కట్టించిన పెద్దల ఫోటోలుంటాయి. ఇవన్నీ ఉండాల్సినవే. కానీ కడుపుతో ఉండి కండెలు చుట్టిన మన ఇంటి కోడలు ఆ రోజుల్లో ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది అన్న మాట ఎక్కడా కనపడదు. మన వంశాలు నిలబడింది ఆమె కడుపు మీదే. అందుకని ఈ సంచికలో ఆమె కంచం చరిత్ర కొంచెం చెప్పుకుందాం.

ముందుగా ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. రైతు తినే గింజ రైతే పండిస్తాడు. నేతగాడు తినే గింజ కొనుక్కోవాలి. సోలాపూర్‌లో ఉన్నా, ఇల్కల్‌లో ఉన్నా, సేలంలో ఉన్నా, బరంపురంలో ఉన్నా మనది కొనుగోలు బతుకే. నూలు ధర పెరిగినా, షావుకారు మజూరీ తగ్గించినా, చీర అమ్ముడుపోకపోయినా ఆ దెబ్బ మొదట తగిలేది వంటింటికి. వంటింట్లో ఆఖరున తినేది కోడలు. ఆ కోడలు నెల తప్పి ఉంటే దెబ్బ రెండు ప్రాణాలకు తగిలేది.

మగ్గానికీ గంజే, మనిషికీ గంజే

మర నూలు, మర గంజి రాకముందు పడుగుకు గంజి పట్టించేది ఇంట్లోనే. కొన్నిచోట్ల బియ్యపు గంజి, మెట్ట ప్రాంతాల్లో జొన్న గంజి, రాగి గంజి. దారం తెగకుండా నిలవాలంటే గంజి కావాలి. మనిషి నిలవాలన్నా ఆ గింజలే కావాలి. రాయలసీమ, బళ్లారి, తెలంగాణ మెట్టల నుంచి కదిలిన మన కుటుంబాలకు జొన్న రొట్టె, జొన్న సంకటి, రాగి సంకటి, సజ్జ రొట్టె రోజువారీ కూడు. వరి అన్నం పండగకో చుట్టాలొచ్చినప్పుడో.

ఆ రోజుల్లో దాన్ని పేదవాళ్ల తిండి అన్నారు. ఈనాటి పోషకాహార పట్టికలు చూస్తే కథ వేరేగా ఉంటుంది. నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 360 మిల్లీగ్రాములు. అంతే పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. నూరు గ్రాముల సజ్జల్లో ఇనుము ఆరు మిల్లీగ్రాముల పైమాటే, జొన్నల్లో నాలుగు దాకా. తెల్ల బియ్యంలో ఒక్క మిల్లీగ్రాము కూడా నిండదు. బిడ్డ ఎముకకు కాల్షియం, తల్లి రక్తానికి ఇనుము కావాలి. రెండూ ఆ ముతక రొట్టెలో ఎంతో కొంత ఉండేవి.

వరి తిన్న ఇళ్లలో కూడా అప్పుడు దంపుడు బియ్యమే. రోకలితో దంచితే ఊక పోతుంది, లోపలి తవుడు పొర కొంత మిగులుతుంది. గింజకున్న బలమంతా ఆ పొరలోనూ, మొలకెత్తే ముక్కులోనూ ఉంటుంది. దాన్ని మొత్తం గీకేస్తే మిగిలేది పిండి పదార్థం.

అలాగని పాత రోజులన్నీ బంగారు రోజులు అనుకోవద్దు. గింజ మంచిదే, కానీ అది కడుపు నిండా దొరికిన రోజులు ఎన్ని? కరువు వస్తే ఆ ముతక రొట్టె కూడా లేదు.

ధాత కరువులో నేతగాడు

1876-78 కరువు మన పెద్దల నోట ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు, మైసూరు సంస్థానం, బొంబాయి దక్కను ఘోరంగా దెబ్బతిన్నాయి. నేతగాడికి ఆ కరువు రెండు వైపులా కోసింది. గింజ ధర మండిపోయింది. తిండికే డబ్బు లేనప్పుడు బట్ట కొనేవాడు లేడు. పొలం ఎండిపోక ముందే మగ్గం ఆగిపోయింది.

కరువు పనుల దగ్గర కూలి ఎంత ఇవ్వాలన్న దాని మీద అప్పట్లో పెద్ద వాదన జరిగింది. రిచర్డ్ టెంపుల్ 1877లో మగవాడికి రోజుకు ఒక పౌను గింజ, పైన ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆడవాళ్లకు అంతకన్నా తక్కువే. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. పని చేసే మనిషికి ఉత్త గింజ చాలదు, పప్పు కావాలి, కూర కావాలి అన్నాడు. కొన్ని నెలల తర్వాత కూలి పెంచక తప్పలేదు. ఈ రోజు మనం సమతులాహారం అంటున్న మాటకు దగ్గరగా ఉన్న వాదనే అది.

ఆ తర్వాత వచ్చిన కరువు నియమావళుల్లో నేతగాళ్లకు వేరే ఏర్పాటు పెట్టారు. రాళ్లు కొట్టే పనికి పంపితే వేళ్లు పాడై మళ్లీ నేయలేరని, నూలిచ్చి నేయించి బట్ట కొనడం మేలని తేల్చారు. 1896-97లోనూ, 1899-1900లోనూ వచ్చిన కరువుల్లో సోలాపూర్ నేతగాళ్లకు ఇలాంటి సాయం అందింది. మగ్గం ఆడితేనే పొయ్యి వెలుగుతుందని సర్కారు కూడా ఒప్పుకున్నట్టయింది.

తెల్లన్నం తెచ్చిన తంటా

ఇంతలో కోస్తాలో కథ మరో మలుపు తిరిగింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట వచ్చాక డెల్టాలు వరి గాదెలయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బియ్యపు మరలు వరసగా వెలిశాయి. మర బియ్యం మల్లెపూవులా తెల్లగా ఉంటుంది, త్వరగా ఉడుకుతుంది, దంచే బాధ లేదు. దంపుడు పని ఆడవాళ్ల నడుం విరిచేదే కాబట్టి మర వచ్చిందని వాళ్లు సంతోషించారంటే తప్పు పట్టలేం.

కానీ ఆ ప్రాంతంలోనే, అంటే ఉత్తర సర్కారుల్లో, బెరిబెరి పాతుకుపోయింది. కాళ్లు తిమ్మిరెక్కడం, వాపు రావడం, గుండె బలహీనపడటం దీని లక్షణాలు. తవుడు పొరలో ఉండే బి1 విటమిన్, అంటే థయామిన్, లేకపోవడమే దీనికి కారణం. పొట్టు మాత్రమే తీసిన ముడి బియ్యంలో ఉన్న థయామిన్‌లో పాలిష్ చేశాక ఐదో వంతు మిగిలితే గొప్ప. కూనూర్ పరిశోధనశాలలో పనిచేసిన మెకారిసన్, నోరిస్ 1924లో బియ్యానికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం మీద పెద్ద నివేదిక రాశారు. తర్వాత ఆ సంస్థలోనే పనిచేసిన అయ్‌క్రాయిడ్, కృష్ణన్ 1941లో ఇక్కడి పసిపిల్లల మరణాల మీద రాశారు.

అందులో అసలు బాధ తల్లిది. గర్భంతో ఉన్నప్పుడు, బాలింతగా ఉన్నప్పుడు ఉత్త తెల్లన్నం, చారు, పథ్యం కూడు తిన్న తల్లి పైకి బాగానే కనిపించేది. ఆమె పాలలో మాత్రం థయామిన్ ఉండేది కాదు. రెండు మూడు నెలల బిడ్డ ఉన్నట్టుండి ఏడ్చి, ఊపిరాడక, గంటల్లో పోయేది. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో అనుకునేవాళ్లు. తల్లి కంచంలో లోపం బిడ్డ ప్రాణం తీసిందని ఎవరికి తెలుసు?

ఇక్కడ మనలాంటి చెదిరిన సమాజానికి ఒక పాఠం ఉంది. అప్పట్లో గంజాం నుంచి దక్షిణాది దాకా చాలా భాగం ఒక్క మద్రాసు ప్రెసిడెన్సీయే. యానాం చుట్టూ ఉన్న గోదావరి డెల్టాలో పచ్చి బియ్యం మర పట్టించుకుని తిన్నారు, బెరిబెరి చూశారు. తమిళ దేశంలో పుళుంగల్ అరిసి, అంటే మన ఉప్పుడు బియ్యం తిన్నారు. అక్కడ ఆ జబ్బు బాగా తక్కువ. ధాన్యాన్ని నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి తర్వాత మర పట్టిస్తే పై పొరలోని విటమిన్ కొంత గింజ లోపలికి ఇంకుతుంది. ఒడిశా వాళ్ల ఉసునా బియ్యం కూడా ఇదే పద్ధతి. కాంచీపురం వైపు, బరంపురం వైపు స్థిరపడిన మన కుటుంబాల్లో ఉప్పుడు బియ్యానికి మారిన వాళ్లు, తెలిసో తెలియకో, మంచి పనే చేశారు.

బొంబాయి మిల్లులు, ఒక డాక్టరమ్మ, ఒక భీమవరం బిడ్డ

ఇప్పుడు బొంబాయికి పోదాం. 1850ల నుంచి అక్కడ బట్టల మిల్లులు లేచాయి. 1877లో సోలాపూర్‌లో మిల్లు వచ్చింది. నిజాం రాజ్యం నుంచి, తెలంగాణ ఊళ్ల నుంచి మనవాళ్లు కట్టుబట్టలతో వెళ్లి అక్కడ చేరారు. బొంబాయిలో కామాటిపుర పేరు తెలుగు కూలీల వల్లే వచ్చింది. మిల్లుల్లో ఆడవాళ్లకిచ్చిన పని ఎక్కువగా వైండింగు, రీలింగు. ఇంట్లో రాట్నం ముందు చుట్టిన కండెలే, మిల్లులో యంత్రం ముందు నిలబడి చుట్టారు.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. గర్భిణుల్లో ప్రాణాల మీదికి తెచ్చే ఒక రకం రక్తహీనత ఉందని, దాని సంగతి తేల్చమని ఆమెను పిలిపించారు. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలు, పేద స్త్రీలు ఆమె చూసిన రోగులు. సూక్ష్మక్రిములు కారణమేమో అని వెదికింది, దొరకలేదు. అప్పుడు కంచం వైపు చూసింది. పాలు, పళ్లు, ఆకుకూర అందని భోజనం తినే పేద ఇళ్లలోనే జబ్బు ఎక్కువ అని గమనించింది. ఎలుకల మీద, కోతుల మీద పరీక్షలు చేసి, చివరికి రోగులకు ఈస్ట్ సారం ఇచ్చి చూసింది. మార్మైట్ అనే పేరుతో అమ్మే చవక సరుకు అది. కొద్ది రోజుల్లోనే కొత్త రక్తకణాలు పుట్టడం మొదలైంది. 1931లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కూనూర్‌లోనూ మద్రాసులోనూ కూడా ఆమె పనిచేసింది.

ఆ ఈస్ట్‌లో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలీదు. విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. 1941లో పాలకూర జాతి ఆకు నుంచి ఒక పదార్థం తీసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీద ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1945లో దాన్ని కృత్రిమంగా తయారు చేసింది అమెరికాలో లెడర్లే ప్రయోగశాల. అక్కడి పరిశోధనకు నాయకుడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బొంబాయి మిల్లు ఆడకూతుళ్ల రక్తహీనత దగ్గర మొదలైన దారి చివరికి ఒక తెలుగువాడి ప్రయోగశాల దాకా వెళ్లింది. ఈ రోజు అంగన్‌వాడీలో, ఆసుపత్రిలో గర్భిణికిచ్చే ఐరన్-ఫోలిక్ మాత్ర ఆ దారిలో వచ్చిందే. ఆ మాత్ర చెత్తబుట్టలో వేసే ముందు మన ఆడపిల్లలకు ఈ కథ ఒకసారి చెప్పాలి.

బొంబాయిలోనే 1929లో ఇంకో సంగతి జరిగింది. కర్మాగారాల్లో పనిచేసే ఆడవాళ్లకు కాన్పు సమయంలో భత్యం ఇవ్వాలని బొంబాయి ప్రెసిడెన్సీ చట్టం చేసింది. మిల్లు గేటు లోపల ఉన్న ఆడమనిషికి చట్టం ఉంది. ఇంట్లో గుంట మగ్గం పక్కన కండెలు చుట్టే ఆడమనిషికి లేదు. ఆమె చేసేది పని అని ఎవరూ లెక్క వేయలేదు. నిజం చెప్పాలంటే మనమూ వేయలేదు. 2019-20 చేనేత గణనలో దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులు తేలితే అందులో 72 శాతం ఆడవాళ్లే. ఇరవై ఆరు వారాల ప్రసూతి సెలవు 2017లో వచ్చింది, అది సంస్థల్లో ఉద్యోగం చేసే వాళ్లకు. ఇంటి మగ్గం దగ్గర సెలవు ఇవ్వాల్సింది మనమే.

రేషను బియ్యం నుంచి ఇప్పటిదాకా

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రేషను వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత చవక ధరల దుకాణాలు పెరిగాయి. ఆకలి తగ్గింది, ఆ మేలు మరువకూడదు. కానీ ఆ దుకాణంలో దొరికింది తెల్ల బియ్యం, గోధుమ. కొనుగోలు బతుకు కదా, చవకగా దొరికిందే మన తిండి అయింది. జొన్న రొట్టె చేయడం రాని తరం వచ్చింది. కర్ణాటకలో మాత్రం రేషనులో ప్రాంతాన్ని బట్టి రాగులు, జొన్నలు కూడా ఇస్తున్నారు. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి ఉచిత భోజనం, కనీసం ఆరు వేల రూపాయల సాయం హక్కు అని రాసింది.

రక్తహీనత మాత్రలు పంచే జాతీయ కార్యక్రమం 1970లోనే మొదలైంది. అంగన్‌వాడీలు 1975లో వచ్చాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. లూసీ విల్స్ వచ్చి వెళ్లి తొంభై ఏళ్లయినా సగం మందికి రక్తం చాలట్లేదంటే లోపం మందులో లేదు. ఇంటి అలవాట్లలో ఉంది, ఇంటి ఆదాయంలో ఉంది.

మన ఆచారాల్లో మంచీ చెడూ

మన ఆచారాల్లో మంచివి చాలా ఉన్నాయి. సీమంతానికి చలిమిడి పెడతాం, నువ్వుల చిమ్మిలి చేస్తాం, సున్నుండలు కట్టి పంపుతాం. నువ్వుల్లో కాల్షియం, మినుముల్లో మాంసకృత్తులు ఉన్నాయి. మొదటి కాన్పుకు పుట్టింటికి పంపడం వెనక కూడా అమ్మ దగ్గరయితే కడుపునిండా తింటుంది, కాస్త నడుం వాలుస్తుంది అన్న ఆలోచనే ఉంది.

వదిలేయాల్సినవీ ఉన్నాయి. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కంచం తగ్గించే అలవాటు ఒకటి. దీనివల్ల బిడ్డ బరువు తగ్గి పుడుతుంది, తల్లి నీరసపడుతుంది. అందరూ తిన్నాక మిగిలింది తినడం రెండోది. మిగిలేది ఎప్పుడూ అన్నమే, కూర కాదు. కాన్పయ్యాక వారాల తరబడి కారప్పొడి అన్నం మాత్రమే పెట్టే పథ్యం మూడోది. సర్కారుల్లో పసిబిడ్డలు పోయిన చరిత్ర విన్నాక ఈ మూడో అలవాటు గురించి మరీ ఆలోచించాలి.

ఇప్పుడు ఏం చేయొచ్చు

మనం అయిదు చోట్ల చెదిరి ఉన్నాం కాబట్టి అయిదు వంటిళ్లు మనవి. సోలాపూర్, భివండి వాళ్లకు జొన్న భాకరీ ఉంది. కర్ణాటక వాళ్లకు రాగి ముద్ద, జొన్న రొట్టె. తమిళనాడు వాళ్లకు ఉప్పుడు బియ్యం, కంబు కూళ్. ఒడిశా వాళ్లకు ఉసునా బియ్యం, మాండియా జావ. యానాం వాళ్లకు చేప పులుసు, దంపుడు బియ్యం. ఎక్కడివాళ్లు అక్కడి గింజే తినొచ్చు, ఖరీదైన డబ్బా పొడులు అక్కర్లేదు.

గర్భం నిలదొక్కుకున్నాక మామూలు తిండి మీద రోజుకు సుమారు 350 కేలరీలు అదనంగా కావాలంటారు పోషకాహార నిపుణులు. నూరు గ్రాముల జొన్న పిండితో చేసిన రెండు రొట్టెలు దాదాపు అంత. దాన్ని ఒక్క గింజతో కాకుండా ఒక రొట్టె, ఒక గిన్నె పప్పు, ఒక పండుగా పంచుకుంటే ఇంకా మంచిది. రోజూ పప్పో శనగలో అలసందలో, ఒక ఆకుకూర, పాలో పెరుగో, తినేవాళ్లకు గుడ్డు లేదా చేప ఉండాలి. వేవిళ్ల నెలల్లో రొట్టె లోపలికి పోదు. అప్పుడు పల్చటి రాగి జావ కొంచెం కొంచెం తాగొచ్చు. ముడి గింజల్లో ఇనుమును ఒంటబట్టనీయని పదార్థాలు కూడా కొన్ని ఉంటాయి. నానబెట్టినా మొలకెత్తించినా అవి తగ్గుతాయి. నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే పడదు. మగ్గాల ఇళ్లలో టీ ఎక్కువ కదా, దానికీ భోజనానికీ గంటన్నా ఎడం ఉండాలి.

ముడి గింజ ఎంత మంచిదైనా మాత్రకు బదులు కాదు. గర్భం కావాలనుకున్నప్పటి నుంచే ఫోలిక్ మాత్ర మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే బిడ్డ వెన్నెముక మొదటి వారాల్లోనే తయారవుతుంది. ఐరన్ మాత్రతో మలబద్ధకం వస్తుందని మానేసేవాళ్లు చాలామంది. జొన్న, రాగి, ఆకుకూరల్లోని పీచు ఆ బాధను తగ్గిస్తుంది. కూర్చుని చేసే పని, తెల్లన్నం కలిసి గర్భంలో చక్కెర జబ్బు కూడా తెస్తున్నాయి కాబట్టి ఆ పరీక్ష, రక్తం పరీక్ష డాక్టరు చెప్పినప్పుడు తప్పక చేయించాలి.

సంఘాలు చేయగలిగిన పని కూడా ఉంది. సీమంతానికి చీర, గాజులు పెడుతున్నాం. వాటితోపాటు రెండు కిలోల రాగి పిండి, రెండు కిలోల జొన్న పిండి, కిలో శనగలు, అర కిలో నువ్వులు, బెల్లం పెట్టడం ఆనవాయితీ చేసుకోవచ్చు. ఆహార భద్రతా చట్టం కింద వచ్చే డబ్బుకు దరఖాస్తు రాయించే ఒక మనిషిని ప్రతి శాఖలో పెట్టుకోవచ్చు. ఏడో నెల నుంచి కండెల పని ఇంట్లో మగవాళ్లు, అత్తగార్లు పంచుకోవాలని ఒక తీర్మానం చేసుకోవచ్చు.

పడుగుకు గంజి సరిగా పట్టకపోతే చీర మధ్యలో దారం తెగుతుందని మన ఇళ్లలో పసిపిల్లకు కూడా తెలుసు. నేసే ముందే ఆ జాగ్రత్త పడతాం. కడుపులో బిడ్డ పెరిగే తొమ్మిది నెలలూ అంతే జాగ్రత్త కావాలి. కోడలు ముందు తిననివ్వండి, కూరతో తిననివ్వండి, ఆ తర్వాతే మనం కూర్చుందాం.